వర్తకకవి బనారసీదాసు

హిందీ భాషలో తొలి ఆత్మకథగా పండితులు ఎన్నుచున్న 'అర్ధకథానకము'ను రచించినవాడు రాజు కాడు, సన్యాసియు కాడు. అంగడి పెట్టి, మూటలు కట్టి, అప్పులుచేసి తీర్చిన జైన శ్రావకుడు. అతడే బనారసీదాసు.

శ్రీమాల కులమున, బిహోలియా గోత్రమున, విక్రమ సంవత్సరము 1643లో (క్రీ.శ. 1586) అతడు జౌన్‌పూరు నగరమున జన్మించెను. తండ్రి ఖరగసేనుడు రత్నవర్తకుడు. మొదట బిడ్డకు విక్రమాజిత్ అని పేరిడిరి. తరువాత పార్శ్వనాథస్వామి జన్మస్థలమగు కాశీకి తీసికొనిపోగా, అచటి పూజారి మాటపై బనారసీదాసు అని మార్చిరి. ఎనిమిదవ యేట చదువు, పదునొకండవ యేట ఖైరాబాదు పిల్లతో వివాహము. కోడలు గృహప్రవేశము చేసిన దినముననే ఇంట ఆడశిశువు పుట్టెను, ఇంటి వృద్ధురాలొకతె కన్ను మూసెను. రాక, పుట్టుక, పోక ఒక్క పూటలో చూచిన ఆ బాలుడు దానిని జీవితాంతము మరువలేదు.

పదునాలుగవ యేట నిఘంటువులు, జ్యోతిషము, అలంకారశాస్త్రము చదివెను. ఆ వయస్సుననే దారి తప్పెను. వలపు వెఱ్ఱిలో పడి, తండ్రి సొత్తునుండి మణులు దొంగిలించి, ప్రియురాలికి మిఠాయిలు, తాంబూలములు పంపెను. శృంగారపరముగ వేయి పద్యముల గ్రంథము వ్రాసెను. అంతలో అత్తవారింట ఉండగా భయంకరమగు వ్యాధి సోకి, ఒడలెల్ల పుండ్లయ్యెను. దగ్గర కూర్చుండి భుజించుటకు సైతము బంధువులు జంకిరి. భార్యయు అత్తగారును మాత్రము అసహ్యపడక, నిందింపక సేవచేసిరి. ఒక మంగలి వైద్యముచే వ్యాధి నయమయ్యెను.

1605లో అక్బరు చక్రవర్తి మరణవార్త జౌన్‌పూరు చేరినప్పుడు బనారసీదాసు మెట్లపై కూర్చుండియుండెను. విన్నంతనే సొమ్మసిల్లి పడగా తల పగిలి రక్తము కారెను. వర్తకులు అంగళ్లు మూసి, సొమ్మును భూమిలో పాతిపెట్టిరి. జహంగీరు గద్దె నెక్కెనని ఆగ్రానుండి ఉత్తరము వచ్చుదాక ఊరు కుదుటపడలేదు. ఆ రోజులలోనే ఒకనాడు మిత్రులతో గోమతీనది వంతెనపై కూర్చుండి తన శృంగార గ్రంథమును చదువుచు, ఒక్క అబద్ధమే పాపమైనచో ఇన్ని అబద్ధములల్లిన తన గతి యేమని తలపోసి, దానిని నదిలో విసరివేసెను. కుమారుడు మారెనని తండ్రి సంతసించెను.

1610లో ఖరగసేనుడు కుమారుని నమ్మి ఇంటి బరువు నప్పగించెను. రత్నములు, నేయి, నూనె, జౌన్‌పూరు వస్త్రములు బండ్ల కెత్తించి ఆగ్రాకు పంపెను. బనారసీదాసు నేర్పు చాలక అన్నియు పోగొట్టుకొనెను. కట్టుకొనిన రత్నములు కొన్ని జారిపోయెను, సరుకు నష్టమున కమ్ముడుపోయెను. ఆ దుర్దినములలో ఒక కచోరీల అంగడివాని వద్ద అరువు తినెను. కొన్నాళ్లకు తన చేత కాసు లేదని దాపరికము లేక చెప్పగా, ఇరువది రూపాయలదాక తినుమని, అడుగువా రెవరును లేరని ఆ సామాన్యుడు ధైర్యము చెప్పెను. సుమారు ఆరు నెలలు ఆ విధముగ గడచెను. రాత్రులందు బస వద్ద మధుమాలతి, మృగావతి కథలు చదువగా పది ఇరువదిమంది వచ్చి వినుచుండిరి. తరువాత పొత్తు వ్యాపారమున కొంత నిలదొక్కుకొని, కచోరీల బాకీ పదునాలుగు రూపాయలు తీర్చివేసెను.

ఆ పొత్తులోను మిగులు లేకపోగా, చేత ధనము లేక ఖైరాబాదు చేరెను. భర్త స్థితి నెరిగిన యిల్లాలు దెప్పిపొడువలేదు. తాను దాచుకొనిన ఇరువది రూపాయలు అతని చేతిలో పెట్టెను. మరునాడు తల్లికి రహస్యముగ చెప్పుకొనగా, ఆ తల్లి అల్లుని పరువు పోకుండ రెండువందల రూపాయలు గుట్టుగ ఇచ్చెను. ఆ మొత్తముతో వస్త్రములు, ముత్యములు కొని అతడు తిరిగి ఆగ్రా బాట పట్టెను.

ఆ సాధ్వి బహుకాలము జీవింపలేదు. ఆమె మరణవార్తయు, ఆమె చెల్లెలితో వివాహ నిశ్చయవార్తయు ఒక్కసారే చేరగా, దుఃఖింపవలెనో ఊరకుండవలెనో తెలియని స్థితి యేర్పడెను. క్రమముగ మూడు వివాహములు జరిగెను. ఏడుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగిరి. తొమ్మండుగురును పోయిరి. ప్రాణమిత్రుడు నరోత్తమదాసును మరణించెను. ఆ మిత్రుని గుణములను కీర్తించి పద్యము చెప్పుట తప్ప వేరు ఓదార్పు లేకపోయెను.

నడివయస్సున కుందకుందాచార్యుల సమయసారమును ఒక వ్యాఖ్యానముతో చదివెను. అనంతపురము ప్రాంతపు కొనకొండ్లతో సంబంధము చెప్పబడు ఆచార్యుల వాక్యము, ఆగ్రా వర్తకుని హృదయమును కదిలించెను. కాని అర్ధజ్ఞానము అనర్థమాయెను. ఆత్మ యొక్కటే సత్యమని పూజలు మాని, నలుగురు మిత్రులు గదిలో దిగంబరులై మునుల వలె ఆటలాడిరి. లోకులు నవ్విరి. 1635 ప్రాంతమున పండిత రూపచంద్ ఆగ్రాకు వచ్చి, నేమిచంద్ర సిద్ధాంతచక్రవర్తి గోమ్మటసారమును బోధించెను. ఆత్మకు పదునాలుగు గుణస్థానములు గలవనియు, ఏ మెట్టున నిలిచినవానికి ఆ మెట్టు ఆచారమే తగుననియు తెలిసి, అతని సంశయము తీరెను. 1636లో 'సమయసార నాటకము'ను పూర్తిచేసెను.

1641లో, ఏబదియైదవ యేట, నూటపది యేండ్లు పూర్ణాయువుగా నెంచి, గడచినది సగమని తన కథకు 'అర్ధకథానకము' అని పేరిడి 675 పద్యములలో ముగించెను. చివర తన గుణములను, దోషములను ఖాతాలో జమ, ఖర్చుల వలె వేర్వేరుగ చూపెను. మిగిలిన సగము అతనికి దొరకలేదు. 1643 ప్రాంతమున పరలోకగతుడయ్యెను.

సంతానము నిలువలేదు, సొమ్ము నిలువలేదు. కాని దొంగతనమును, రోగమును, నష్టమును దాచకుండ వ్రాసిన ఆ కలము వలన, పేరైనను మిగులని ఒక యిల్లాలి ఓర్పు, ఒక అత్తగారి మర్యాద, ఒక అంగడివాని నమ్మకము నేటికిని నిలిచియున్నవి. ఉపకారము చేసినవారి బాకీని బనారసీదాసు ఆ విధముగ తీర్చుకొనెను.