ఫ్రెడరిక్ బూత్-టక్కర్

ఫ్రెడరిక్ బూత్-టక్కర్ (మార్చి 21, 1853 - జూలై 17, 1929) భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యం) అనే క్రైస్తవ సంస్థకు పునాది వేసిన ఆంగ్లేయుడు. ఐ.సి.ఎస్. అధికారి పదవిని వదలి, కాషాయవస్త్రాలు ధరించి, ఫకీర్ సింగ్ అనే పేరుతో ఈ దేశంలో మతప్రచారం చేశాడు. జైలునుండి విడుదలైనవారికి, తాగుడుకు బానిసలైనవారికి, నిరాశ్రయులకు కొంతకాలం ఆశ్రయమిచ్చి, పని నేర్పి, తిరిగి సంఘంలోకి పంపే గృహాలు, కాలనీలు నెలకొల్పడం ఈయన జీవితకాల కృషి. ఆంధ్ర ప్రదేశ్‌లో బాపట్ల సమీపాన ఉన్న స్టూవర్టుపురం ఈ కృషిలో భాగంగా ఏర్పడిన ఊరు. అయితే నేరస్థ జాతుల చట్టం క్రింద నడచిన ఇటువంటి సెటిల్‌మెంట్లు తరువాతి కాలంలో తీవ్ర విమర్శకు గురయ్యాయి.

బాల్యం, ఉద్యోగం

టక్కర్ బెంగాల్ ప్రెసిడెన్సీలోని మోంఘీర్ (నేటి బీహార్‌లోని ముంగేర్) పట్టణంలో జన్మించాడు. అతని తండ్రి విలియం థార్న్‌హిల్ టక్కర్ ప్రభుత్వోద్యోగి, పారశీక భాషా పండితుడు, నిఘంటుకర్త. టక్కర్ విద్యాభ్యాసం ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్ కళాశాలలో జరిగింది. 1875లో లండనులో అమెరికా మతప్రచారకులు మూడీ, శాంకీ నిర్వహించిన సభలు అతనిపై గాఢమైన ప్రభావాన్ని చూపాయి.

ఐ.సి.ఎస్.కు ఎంపికై, పంజాబులో అసిస్టెంట్ కమిషనరుగా పనిచేశాడు. 1877లో తనకంటే వయసులో చాలా పెద్దదైన లూయిసా బోడ్‌ను వివాహమాడాడు. ఉద్యోగంలో ఉండగానే స్థానికులకు క్రైస్తవం బోధించడం పై అధికారులకు నచ్చలేదు. 1881లో సాల్వేషన్ ఆర్మీ పత్రిక ఒకటి అతని చేతికి వచ్చింది. విలియం బూత్, కాథరిన్ బూత్ దంపతులు లండను తూర్పు ప్రాంతపు పేదవాడలలో ప్రారంభించిన ఆ సంస్థ గురించి స్వయంగా తెలుసుకొనడానికి సెలవుపై ఇంగ్లాండు వెళ్ళి, అదే సంవత్సరం ఉద్యోగానికి రాజీనామా చేసి అందులో చేరాడు.

భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీ

1882 సెప్టెంబరు 19న టక్కర్ మరి ముగ్గురు సహచరులతో బొంబాయి రేవులో దిగాడు. వారిలో ఒక మహిళ కూడా ఉన్నది. వాద్యాలతో, పాటలతో వీధులలో ఊరేగుతూ ప్రచారం చేయడం ఈ సంస్థ పద్ధతి. దీనివల్ల మతకలహాలు రేగవచ్చునని బొంబాయి పోలీసులు ఊరేగింపులను నిషేధించారు. టక్కర్, అతని సహచరులు పలుమార్లు అరెస్టయ్యారు. 1883లో అతడు ఒక నెల జైలుశిక్ష అనుభవించాడు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ వంటి భారతీయులు కూడా ఈ నిర్బంధాన్ని నిరసించారు. తుదకు ప్రభుత్వం పట్టు సడలించింది.

ఐరోపా దుస్తులలో ఉన్న దొర వద్దకు పేదవాడు చనువుగా రాలేడని టక్కర్ అభిప్రాయం. అందుచేత అతడు, అతని సహచరులు కాషాయవస్త్రాలు, తలపాగా ధరించి, పాదరక్షలు లేకుండా గ్రామాలు తిరిగారు. భిక్షాపాత్రతో యాచించి తిన్నారు. సంస్థకు ముక్తి ఫౌజ్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఈ కఠిన జీవితం వల్ల పలువురు ఐరోపా కార్యకర్తలు వ్యాధిగ్రస్తులయ్యారు, కొందరు మరణించారు. టక్కర్ భార్య లూయిసా 1887లో భారతదేశంలోనే కన్నుమూసింది.

1888లో టక్కర్ విలియం బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడాడు. అప్పటినుండి భార్య ఇంటిపేరును కూడా కలుపుకొని బూత్-టక్కర్ అయ్యాడు.

జైలు ద్వార గృహాలు

శిక్ష ముగిసి బయటకు వచ్చిన ఖైదీకి ఉండడానికి ఇల్లు, చేయడానికి పని లేకపోతే అతడు తిరిగి పాత సావాసాలకే చేరతాడు. విడుదల రోజున జైలు వాకిటే అతనిని కలిసి, నేరుగా ఒక గృహానికి తీసుకొని వెళ్ళి, భోజనం పెట్టి, పని చూపించడం సాల్వేషన్ ఆర్మీ అనుసరించిన విధానం. ఇటువంటి గృహాలలో మొదటిది 1883లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ప్రారంభమైంది. సింహళంలోని కొలంబోలో కూడా ఈ పని 1880వ దశకంలోనే మొదలైంది.

1890లో విలియం బూత్ ఇంగ్లాండులోని పేదల ఉద్ధరణకు ఒక బృహత్ ప్రణాళికను ప్రకటించాడు. నిరాశ్రయుడు ముందుగా నగరంలోని ఆశ్రయంలో చేరాలి, అక్కడ కుదుటపడిన తరువాత పల్లెలోని వ్యవసాయ కాలనీకి, చివరకు విదేశాలలోని సొంత భూమికి వెళ్ళాలి. అనగా ఏ గృహమూ శాశ్వత నివాసం కాదు, ప్రతిదీ ఒక మజిలీ మాత్రమే. దీనికి అనుబంధంగా బూత్-టక్కర్ 1891లో డార్కెస్ట్ ఇండియా అనే పుస్తకం రచించాడు. విడుదలైన ఖైదీలు, తాగుబోతులు, పతితలైన స్త్రీలు, బిచ్చగాళ్ళు, కరవు బాధితులు - వీరిలో ఒక్కొక్క వర్గానికి వేరువేరు గృహాలు, బంజరు భూములలో కాలనీలు ఏర్పాటు చేయాలని అందులో ప్రతిపాదించాడు. సంస్థలో చేరే ప్రతి సైనికుడు మద్యం విడిచిపెడతానని ప్రమాణం చేయవలసి ఉండేది. అందువల్ల తాగుడు మానిపించడం ఈ గృహాలన్నింటిలోను పునరావాసానికి తొలిమెట్టుగా ఉండేది.

అమెరికాలో కాలనీలు

1896లో బూత్-టక్కర్ దంపతులు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సంస్థ నాయకత్వం స్వీకరించారు. 1898 ప్రాంతంలో మూడు వ్యవసాయ కాలనీలు స్థాపించారు: కాలిఫోర్నియాలో ఫోర్ట్ రోమీ, కొలరాడోలో ఫోర్ట్ ఎమిటీ, ఒహాయోలో ఫోర్ట్ హెరిక్. నగరాలలోని పేద కుటుంబాలకు అప్పుపై భూమి, పశువులు, పనిముట్లు ఇచ్చి, పంటల రాబడినుండి బాకీ తీర్చుకొనే అవకాశం కల్పించారు. ఫోర్ట్ రోమీ మొదట అనావృష్టి వల్ల దెబ్బతిన్నా, నీటిపారుదల సౌకర్యం కలిగిన తరువాత నిలదొక్కుకొన్నది. ఫోర్ట్ ఎమిటీలో నేల చౌడుబారడంతో కొద్ది సంవత్సరాలకే మూతపడింది. ఒక్కొక్క కుటుంబానికి పంచడానికి తగినంత భూమి లేని ఫోర్ట్ హెరిక్‌ను తాగుడుకు బానిసలైనవారి పునరావాసానికి ఉపయోగించారు. 1905లో ఆంగ్ల నవలా రచయిత రైడర్ హగార్డ్ బ్రిటిషు ప్రభుత్వం తరఫున ఈ కాలనీలను పరిశీలించి నివేదిక సమర్పించాడు.

1903 అక్టోబరు 28న మిస్సోరీ రాష్ట్రంలో జరిగిన రైలు ప్రమాదంలో ఎమ్మా మరణించింది. ఆమె కొలరాడోలోని కాలనీని చూసి తిరిగి వస్తుండగా ఈ దుర్ఘటన జరిగింది. మరుసటి సంవత్సరం బూత్-టక్కర్ లండనుకు మారాడు. 1906లో సంస్థలోనే అధికారిణిగా ఉన్న మిన్నీ రీడ్‌ను వివాహమాడి, 1907లో తిరిగి భారతదేశానికి వచ్చాడు.

నేరస్థ జాతుల సెటిల్‌మెంట్లు

1871నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. 1908లో సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తర ప్రదేశ్) ప్రభుత్వం గోరఖ్‌పూర్‌లోని డోములను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణకు అప్పగించింది. తరువాత ఇతర ప్రాంతాలలో కూడా ఇటువంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. నేత, పట్టుపురుగుల పెంపకం, వ్యవసాయం వంటి వృత్తులు నేర్పారు. నేరాన్ని వ్యాధివలె నయం చేయవచ్చునని బూత్-టక్కర్ వాదించాడు. ఈ విషయంపై క్రిమినోక్యూరాలజీ అనే పేరుతో ఒక చిన్న పుస్తకం కూడా ప్రచురించాడు. 1913లో ప్రభుత్వం అతనికి కైజర్-ఎ-హింద్ స్వర్ణపతకం ప్రదానం చేసింది.

తెలుగునాట

తెలుగు జిల్లాలలో ప్రొటెస్టంటు మిషనరీల సేవ అప్పటికే విస్తరించి ఉన్నది. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురం కేంద్రంగా ప్రారంభించిన గోదావరి డెల్టా మిషను వశిష్ఠ గోదావరికి ఇరువైపులా, కోనసీమలోను పనిచేసింది. రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషను కుష్ఠురోగుల ఆశ్రమాన్ని నడిపింది. ఈ సంస్థల సేవ ముఖ్యంగా బడులు, ఆస్పత్రులు, అనాథలు, రోగుల ఆశ్రయాల రూపంలో సాగింది. నేరస్థులుగా ముద్రపడినవారి పునరావాసం మాత్రం కృష్ణకు దక్షిణాన మొదలైంది.

1911లో సవరించిన చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. ఆ తరువాత ఎరుకల కుటుంబాలను విజయవాడకు ఎదురుగా కృష్ణ ఒడ్డున ఉన్న సీతానగరంలోను, బాపట్ల వద్ద కొత్తగా ఏర్పాటు చేసిన సెటిల్‌మెంటులోను సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఉంచారు. 1913-14 ప్రాంతంలో ఏర్పడిన ఈ రెండవదానికి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు మీదుగా స్టూవర్టుపురం అని పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలోని సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నిర్వహించింది.

సీతానగరంలో నివాసులకు రాతిక్వారీ పని ప్రధానం. స్టూవర్టుపురంలో కుటుంబాలకు సాగుకు భూమి కేటాయించారు. బడి, ప్రార్థనాలయం నెలకొల్పారు. నివాసులు హాజరు పట్టీలో పేరు పలికించుకోవాలి. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటరాదు. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలలో ఉంచడానికి కూడా చట్టం వీలు కల్పించింది.

విమర్శలు

ఎరుకలవారు పూర్వం ఎడ్లపైన, గాడిదలపైన ఉప్పు, ధాన్యం మోసుకొని కోస్తానుండి మెట్టప్రాంతాలకు తిరిగిన సంచార వర్తకులు. ప్రభుత్వపు ఉప్పు విధానం, రైలుమార్గాలు వారి జీవనాధారాన్ని దెబ్బతీశాయని, ఆ తరువాతనే వారిపై నేరస్థ ముద్ర పడిందని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో వివరించింది. సెటిల్‌మెంట్లు క్వారీలకు, ఫ్యాక్టరీలకు చవకగా కూలీలను సమకూర్చాయని కూడా ఆమె నిరూపించింది. బూత్-టక్కర్ దేశం విడిచిన తరువాత స్టూవర్టుపురం నివాసులలో పలువురు చీరాలలోని పొగాకు కంపెనీలో పనికి వెళ్ళవలసివచ్చింది. సంస్థ ఆధ్వర్యంలోనే ఇది జరిగింది.

జైలు ద్వార గృహానికి, స్టూవర్టుపురానికి నడుమ ఒక మౌలికమైన భేదం ఉన్నది. మొదటిదానిలో శిక్ష పూర్తిచేసిన వ్యక్తి తన ఇష్టంతో చేరి, కాళ్ళమీద నిలబడిన తరువాత వెళ్ళిపోయేవాడు. రెండవదానిలో ఏ నేరమూ రుజువు కాని కుటుంబాలు కూడా పుట్టుక కారణంగా చేర్చబడ్డాయి. వెళ్ళిపోయే స్వేచ్ఛ వారికి లేదు. వీధిలో నడిచే హక్కు కోసం 1883లో జైలుకు వెళ్ళిన వ్యక్తి ఆధ్వర్యంలోనే ఈ వ్యవస్థ పెరిగింది. ఊరూరా పోలీసుల వేధింపుకంటే సెటిల్‌మెంటు మేలని, అక్కడ వైద్యం, చదువు, భూమి లభించాయని అతనిని సమర్థించేవారు చెప్తారు. చదువుకొని ఉద్యోగాలలో స్థిరపడిన కుటుంబాలు స్టూవర్టుపురంలో ఉన్న మాట కూడా వాస్తవమే.

చివరి రోజులు

బూత్-టక్కర్ 1919లో భారతదేశాన్ని విడిచి ఇంగ్లాండు వెళ్ళాడు. అక్కడ కూడా మతప్రచారం, రచనావ్యాసంగం కొనసాగించాడు. 1929 జూలై 17న లండనులో మరణించాడు.

రచనలు

కాథరిన్ బూత్ జీవితచరిత్ర (1892), డార్కెస్ట్ ఇండియా (1891), భార్య ఎమ్మా జీవితచరిత్ర, భారతదేశంలోను సింహళంలోను సంస్థ చరిత్రను వివరించే ముక్తిఫౌజ్ అతని ముఖ్య రచనలు.

తరువాతి పరిణామాలు

నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31నుండి రద్దయింది. చట్టం పోయినా ముద్ర పోలేదు. 1991లో విడుదలైన స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, స్టూవర్టుపురం దొంగలు వంటి సినిమాల పేర్లు ఊరికి నేరానికి ముడిపెట్టాయి. 1970వ దశకంలో గోరా కుమారుడు లవణం, గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురంలో మళ్ళీ పునరావాస కృషి చేపట్టారు. నాస్తికులైన ఈ దంపతుల పని బలవంతపు కట్టడితో కాక, నేరవృత్తిలో ఉన్నవారితో స్వయంగా మాట్లాడి, వారి సమ్మతితో లొంగుబాటుకు ఒప్పించడంతో మొదలైంది.

సాల్వేషన్ ఆర్మీ నేటికీ ఆంధ్ర ప్రదేశ్‌లో చర్చిలు, పాఠశాలలు, ఆస్పత్రులు నడుపుతున్నది. స్టూవర్టుపురం పేరు విజయవాడ - చెన్నై రైలుమార్గంలోని స్టేషను పలకపై నిలిచి ఉన్నది.