దామెర్ల రామారావు: గోదావరి గట్టున సాగిన సాధన

పక్కింటి అబ్బాయి చక్కగా బొమ్మ గీస్తే అది వాడికి పుట్టుకతో వచ్చిన విద్య అనేస్తాం. మన పిల్లవాడి గీత వంకరపోతే వాడికి ఆ విద్య రాసిపెట్టి లేదని ఊరుకుంటాం. ఈ రెండు తీర్పులూ తొందరపాటువే. నేర్పు దేవుడిచ్చేదే కావచ్చు, దాన్ని చేతిలోకి తెచ్చేది మాత్రం రోజువారీ శ్రమ.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. ఖుష్‌ఖత్ నేర్పే ఉస్తాద్ శిష్యుడి చేత ముందుగా పూర్తి వాక్యం రాయించడు. తఖ్తీ మీద ఒక్క అలిఫ్‌నే పదేపదే దిద్దిస్తాడు. కలం మొనతో పెట్టిన చుక్కలతో దాని నిడివి కొలిపిస్తాడు. దీన్నే మష్క్ అంటారు. దిద్దిన చోటే మళ్లీ దిద్ది నల్లబడిపోయిన కాగితాలకు సియాహ్ మష్క్ అని పేరు. కాలక్రమంలో అలాంటి కాగితాలను కూడా కళాఖండాలుగా దాచుకున్నారు. అక్షరానికైనా, బొమ్మకైనా పునాది ఇదే. ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య ఉన్న చర్చ వేరు. మేమిక్కడ చెప్పదలచుకున్నది సాధన గురించే. అందుకు మన గోదావరి తీరంలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది.

దామెర్ల రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో, అంటే నేటి రాజమహేంద్రవరంలో పుట్టారు. చిన్ననాటి నుంచీ బొమ్మలంటే ఇష్టం. ఆ రోజుల్లో అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. కుర్రవాళ్లలో ఆసక్తి కనిపిస్తే చేరదీసేవారు. అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. నది ఒడ్డు, పడవలు, చెట్లు, దారిన పోయే మనుషులు, వీటిని కళ్లతో చూసి గీయడమే వాళ్ల పాఠం. అచ్చుబొమ్మను చూసి నకలు తీసేవాడికి గీత వస్తుందేమో గాని చూపు రాదు. కూల్డ్రే శిష్యులను అజంతాకు కూడా తీసుకువెళ్లి ఆ గోడల మీది రేఖలను దగ్గరగా చూపించారు.

ఆయన ప్రోత్సాహంతోనే రామారావు గారు 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లారు. అప్పటికే చేసిన చిత్రాలు చూసి అక్కడివారు ఆయనను పై తరగతిలో చేర్చుకున్నారు. నాటి కళాశాలల్లో చదువు కఠినంగా ఉండేది. సున్నపు బొమ్మను ఎదురుగా పెట్టి గంటల తరబడి గీయించేవారు. తల ఎంత, మొండెం ఎంత, వెలుగు ఎక్కడ పడింది, నీడ ఎక్కడ మొదలైంది అన్నవి కంటికి పట్టుబడేదాకా అదే పని. 1920లో చదువు ముగిసింది. ఆయన పెద్ద నగరంలోనే ఉండిపోలేదు. కాఠియావాడ్ ప్రాంతంలో కొంతకాలం గడిపి, చివరికి సొంత ఊరికే వచ్చారు. అక్కడ చిత్రకళాశాల పెట్టి, తాను నేర్చినది నలుగురికీ నేర్పారు. ఇంట్లో భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు.

1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి ఆయన కన్నుమూశారు. 28 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజులుంది. చదువు ముగిసిన తర్వాత దొరికిన కాలం అయిదేళ్లయినా లేదు. మశూచి ప్రపంచం నుంచి తొలగిపోయిందని 1980లో ప్రకటించారు. ఆ రోజు ఆయన ఇంటికి ఆ భాగ్యం కలగలేదు.

అంత కొద్దికాలంలో ఆయన మిగిల్చినది చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తైలవర్ణ చిత్రాలు కొద్ది డజన్లే. పెన్సిల్ చిత్రాలు మాత్రం 200కు పైగా ఉన్నాయి. అవికాక 20కి పైగా స్కెచ్ పుస్తకాలు. అందులో పేజీల కొద్దీ చేతులు, కాళ్లు, నిలబడిన తీరు, కూర్చున్న తీరు. చూసేవాళ్లు మెచ్చుకునే ఒక్క చిత్రం వెనుక ఎవరికీ చూపించని ఇన్ని పేజీలున్నాయన్నమాట. మిత్రుడు వరదా వెంకటరత్నం గారు తదితరులు ఆ సంపదను కాపాడి, ఆ పాఠశాలను నిలబెట్టారు. రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఏర్పడింది.

మన ఇళ్లలో పిల్లలకు దీన్ని ఆచరణలో చూపించవచ్చు. ఖరీదైన రంగులు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. ముందుగా ఒక పేజీ నిండా స్కేలు లేకుండా నిలువు గీతలు, మరో పేజీ నిండా సున్నాలు గీయించండి. తర్వాత ఇంట్లో ఉన్న కూజానో బధ్నానో కిటికీ దగ్గర పెట్టండి. రోజూ పావుగంట అదే వస్తువును, ఒకరోజు ఎదుటి నుంచి, ఒకరోజు పక్క నుంచి, మరోరోజు పై నుంచి గీయమనండి. పై నుంచి చూసినప్పుడు గుండ్రంగా ఉన్న మూతి, ఎదుటి నుంచి చూస్తే సన్నని కోలగా మారుతుంది. పిల్లవాడు దాన్ని తానే కనిపెట్టాలి. ప్రతి పేజీ మీదా తేదీ వేయించండి. బాగా రాలేదని ఏ పేజీనీ చింపనివ్వకండి. నెల గడిచాక మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి వాడికే చూపించండి. తనకు రాసిపెట్టి లేదన్న మాట వాడిక అనడు.