బండిని విప్పి చదివిన జి.డి. నాయుడు

మెకానికల్ వాళ్లని అడిగితే రుడాల్ఫ్ డీజిల్ తెలుసంటారు, హెన్రీ ఫోర్డ్ తెలుసంటారు. జి.డి. నాయుడు అంటే మాత్రం చాలామంది ఎవరాయన అని మొహాలు చూసుకుంటారు. తమిళనాడులో పుట్టి పెరిగిన మన తెలుగాయనే!

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద తిరుగుతుండటం చూశారు. ఎద్దుల్లేవు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది! ఆ బండి మీదే మనసు పడింది. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరారు, పైసా పైసా కూడబెట్టి చివరికి ఆ బండినే కొన్నారు.

కొన్నాక ఆయన చేసిన పని ఊరేగడం కాదు. మొత్తం విప్పేసి, ఏ భాగం ఎందుకుందో చూసి, మళ్లీ బిగించారు. అలా మెకానిక్ అయ్యారు.

ఇది ఎంత పెద్ద విషయమో ఇప్పటి బండితో పోల్చి చూద్దాం. మన నల్లమలలో అమ్రాబాద్ వైపు ఘాట్ ఎక్కుతుంటే కారులో ఇంజన్ లైటు వెలిగిందనుకోండి. స్కానర్ పెడితే పీ 0301 అని కోడ్ వస్తుంది. అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్ అవుతోందని. స్పార్క్ ప్లగ్ పాడైందని కాదు! ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. మొదటి కాయిల్‌ని రెండో సిలిండర్‌కి మార్చి చూడాలి. కోడ్ పీ 0302 అయితే దొంగ కాయిల్. మారకపోతే ఇంకోచోట వెతకాలి. కోడ్ వీధి పేరు చెప్తుంది, ఇంటి నంబరు మనమే కనుక్కోవాలి. నాయుడు కాలంలో ఆ వీధి పేరు చెప్పేవాడు కూడా లేడు. చెవి, చెయ్యి, ముక్కు, అంతే.

1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టారు. అదే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే మొదటిదిగా పేరొందిన ఎలక్ట్రిక్ మోటారు తయారుచేయించారు. చిన్న మోటారుతో నడిచే షేవింగ్ రేజరు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్ ఫ్యాను కూడా ఆయన చేసినవే. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2,000 రూపాయలకే ఇవ్వొచ్చని చూపించారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు రోడ్డెక్కలేదు.

మనకి బాగా తగలాల్సిన విషయం మాత్రం 1945లోది. ఆయన చొరవతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. బడి దాటని మనిషి ప్రిన్సిపాల్ అయ్యారు! నాలుగేళ్ల కోర్సు దండగ, సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీపడలేదు, పదవే వదిలేశారు. ఆ కాలేజీనే ఇవాళ్టి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

ఆయన మాటతో పూర్తిగా ఏకీభవించక్కర్లేదు. థర్మో, మ్యాథ్స్ రెండేళ్లలో ఎక్కుతాయా అంటే నాకూ అనుమానమే. కానీ నాలుగేళ్లలో ఒక్క ఇంజన్ కూడా విప్పకుండా, సీనియర్ల ల్యాబ్ రికార్డు చూసి రాసి డిగ్రీ పట్టుకెళ్లేవాళ్లం మనలో ఎంతమందిమి ఉన్నాం?

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరు వెళ్తే అవినాశి రోడ్డులో ఆయన పేరు మీదున్న మ్యూజియం చూసి రండి. వెళ్లేలోపు మన వర్క్‌షాపులో మూలనున్న ఆ పాత ఇంజన్‌ని ఒకసారి విప్పుదాం. బిగించడం రాకపోతే అప్పుడు పుస్తకం తెరుద్దాం.