వజ్రంలో వెలుగు, మన భగవంతం గారు

సూరి భగవంతం గారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. మన రాజమండ్రి నుంచి వెళ్తే ఏలూరు దాటాక, నూజివీడు దగ్గర. నిజాం కాలేజీలో డిగ్రీ అయ్యాక 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ కనిపెట్టిన ఏడాదే అది! అప్పటికి ఆయనది అటూఇటుగా నా వయసే. నేనేమో ఇంకా ల్యాబ్ రికార్డు కాపీ కొడుతున్నా.

1930లో ఆయన వజ్రాల మీద పడ్డారు. వజ్రం మీద కాంతి వేస్తే రామన్ గీతతో పాటు వజ్రం తనంతట తానే మెరిసే వెలుగు కూడా వస్తుంది. అదీ అన్ని వజ్రాల్లో ఒకేలా ఉండదు. ఆ తేడా ఎందుకో అప్పట్లో తేలలేదు. కార్బన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ కూర్చోవడం, పక్కన ఒక చోటు ఖాళీగా ఉండిపోవడం లాంటి లోపాలే కారణమని తర్వాత తెలిసింది. నైట్రోజన్ పక్కన ఖాళీ ఉన్న లోపం మీద గట్టిగా లేజర్ వేస్తే ఒక ఎలక్ట్రాన్ లేచిపోతుంది. దాంతో లోపం చార్జ్ మారి, అది ఇచ్చే వెలుగు రంగూ మారుతుంది. ఇప్పుడు క్వాంటం వాళ్లు క్యూబిట్లుగా వాడుతున్నది ఈ లోపాన్నే.

1931లో రామన్ గారితో కలిసి ఫోటాన్‌కి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించారు. మరుసటి ఏడాది వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చేశారు. ఉస్మానియా వీసీ, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్... పదవులు చాలానే. నాకు మాత్రం వెంకటరాయుడు గారితో కలిసి గ్రూప్ థియరీ మీద రాసిన పుస్తకమే ఎక్కువ అనిపిస్తుంది. 1989లో పోయారు.