రెండుసార్లు చనిపోవాలనుకున్నాడు.. మన ఒంట్లోని కాపలాదారుల్ని కనిపెట్టాడు! ఎవరీ మెచ్నికాఫ్?

కాలికి ముల్లు గుచ్చుకుని లోపలే ఉండిపోతే ఏమవుతుంది? మర్నాటికి అక్కడ ఎర్రగా వాస్తుంది. తర్వాత చీము పడుతుంది. ఆ చీములో ఎక్కువగా ఉండేవి ఏంటో తెలుసా? మన కోసం పోరాడి చనిపోయిన తెల్లరక్తకణాలు.

ఇప్పుడు ఈ సంగతి స్కూల్ పిల్లలూ చెప్పేస్తారు. కానీ 140 ఏళ్ల కిందట చాలామంది డాక్టర్లు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. తెల్లకణాల లోపల సూక్ష్మజీవులు కనిపిస్తే, రోగాన్ని ఒళ్లంతా మోసుకెళ్లేది ఈ కణాలేనని అనుకున్నారు. దొంగని పట్టుకున్న పోలీసునే దొంగ అన్నట్టన్నమాట! ఆ లెక్క మార్చిన శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికాఫ్.

చదువులో ఫస్ట్.. జీవితంలో దెబ్బ మీద దెబ్బ

1845లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కివ్ దగ్గర పల్లెలో పుట్టారు మెచ్నికాఫ్. ఆ ప్రాంతం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. నాలుగేళ్ల యూనివర్సిటీ చదువుని రెండేళ్లలోనే పూర్తి చేశారు. సముద్ర జీవులంటే పిచ్చి. చిన్న వయసులోనే ఒడెస్సాలో లెక్చరర్ అయ్యారు.

పెళ్లి చేసుకున్న అమ్మాయి పేరు లుద్మిల. ఆమెకి అప్పటికే క్షయ. పెళ్లి రోజున నడిచే ఓపిక కూడా లేక, కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకెళ్లారు. ఏళ్ల పాటు ఆమెని బతికించుకోవాలని ఆయన చేయని ప్రయత్నం లేదు. 1873లో ఆమె చనిపోయారు. ఆయనకేమో చూపు సరిగ్గా ఆనదు, గుండె జబ్బు. ఇక బతకడం దండగ అనుకుని ఆత్మహత్యకి ప్రయత్నించారు. ప్రాణం దక్కింది.

తర్వాత ఓల్గాని రెండో పెళ్లి చేసుకున్నారు. కొన్నేళ్లకి ఆమెకి టైఫాయిడ్ వచ్చి ప్రాణాల మీదకొచ్చింది. మళ్లీ అదే చీకటి. ఈసారి, మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఓ రకం జ్వరం సూక్ష్మజీవుల్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. చావు బతుకుల మధ్య ఊగిసలాడి బయటపడ్డారు. ఓల్గా కూడా కోలుకున్నారు.

ఆ ఇంటి పెరట్లో ముల్లు

ఒడెస్సా యూనివర్సిటీలో రాజకీయ గొడవలు భరించలేక 1882లో ఉద్యోగం మానేశారు. కుటుంబంతో ఇటలీలోని సిసిలీ దీవికి, మెస్సినా ఊరికి వెళ్లారు. ఓరోజు ఇంట్లో వాళ్లంతా సర్కస్‌కి వెళ్లారు. ఈయన ఒక్కరే మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. చూస్తున్నది స్టార్‌ఫిష్ పిల్లల్ని. వాటి ఒళ్లు గాజులా ఉంటుంది. లోపల కణాలు కదులుతుంటే బయటికే కనిపిస్తాయి.

అప్పుడే తట్టింది ఆలోచన. ఇలా తిరిగే కణాలు బయటి నుంచి వచ్చే శత్రువులతో పోరాడతాయేమో? అదే నిజమైతే, ఒంట్లో ముల్లు దిగితే దాని చుట్టూ చేరాలి కదా! వెంటనే తోటలోకి వెళ్లి చిన్న ముళ్లు తెచ్చి, స్టార్‌ఫిష్ పిల్లల చర్మం కింద గుచ్చారు. కొద్ది రోజుల ముందే పిల్లల కోసం క్రిస్మస్ చెట్టు అలంకరించిన తోట అది.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. తెల్లారగానే చూస్తే.. ముళ్ల చుట్టూ కణాలు గుంపులుగా మూగి ఉన్నాయి! ఆ జీవికి రక్తనాళాలే లేవు. అంటే ఆ కణాలు రక్తంతో పాటు కొట్టుకొచ్చినవి కావు. వాటంతట అవే వచ్చి చుట్టుముట్టాయి.

ఈ కణాలకే ఫాగోసైట్లు అని పేరు. గ్రీకులో తినే కణాలు అని అర్థం. సూక్ష్మజీవి దొరికితే చుట్టేసి, లోపలికి లాక్కుని, అరిగించేసుకుంటాయి. ఆ తర్వాత డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులోనూ ఈ యుద్ధాన్నే చూశారాయన. కణాలు ఫంగస్‌ని తినేస్తే పురుగు బతికింది. ఫంగస్ గెలిస్తే పురుగు చచ్చింది.

అందరూ ఒకవైపు.. ఈయన ఒకవైపు

కానీ పెద్ద పెద్ద సైంటిస్టులు ఒప్పుకోలేదు. ముఖ్యంగా జర్మన్లు. మనల్ని కాపాడేది కణాలు కాదు, రక్తంలోని ద్రవమే అన్నది వాళ్ల వాదన. 1890లో బేరింగ్, కిటసాటో కలిసి, కణాల్లేని సీరమ్ కూడా ధనుర్వాతం విషాన్ని విరిచేస్తుందని చూపించారు. మెచ్నికాఫ్ పని అయిపోయిందనిపించింది.

ఆయన మాత్రం తగ్గలేదు. అప్పటికే 1888లో పారిస్‌లో లూయీ పాశ్చర్ ఆయనకి ల్యాబ్ ఇచ్చారు. అక్కడే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేస్తూ పోయారు. చివరికి తేలిందేంటంటే.. ఇద్దరూ కరెక్టే! రక్తంలోని యాంటీబాడీలు సూక్ష్మజీవికి అంటుకుంటాయి. అలా గుర్తు పడిన సూక్ష్మజీవిని ఫాగోసైట్లు ఇంకా తేలిగ్గా మింగేస్తాయి. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికాఫ్‌కి, అవతలి పక్షంలోని పాల్ ఎర్లిక్‌కి కలిపే ఇచ్చారు.

పెరుగు పిచ్చి

చివరి రోజుల్లో ఆయన దృష్టి ముసలితనం మీద పడింది. పెద్దపేగులో కుళ్లు పుట్టించే బ్యాక్టీరియా విషాల వల్లే త్వరగా ముసలితనం వస్తుందని నమ్మారు. బల్గేరియా పల్లెల్లో పెరుగు తినేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని విని, తానూ రోజూ పులిసిన పాలు తాగారు. ఆయన మాట విని యూరప్‌లో పెరుగుకి గిరాకీ పెరిగింది. పెద్దపేగు మీద ఆయన చెప్పింది అతిగా ఉందని తర్వాత తేలింది. కానీ పేగుల్లో మంచి బ్యాక్టీరియా అనే మాట ఈరోజు ఇంతగా వినిపిస్తోందంటే, దానికి మొదట్లో దారి వేసినవాళ్లలో ఆయనొకరు.

1916 జులైలో, 71 ఏళ్ల వయసులో గుండె జబ్బుతో పారిస్‌లో కన్నుమూశారు. అస్థికల పాత్ర పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉంచారు.

బతుకు వద్దనుకున్న రోజున కూడా ఆయన ఒంట్లో ఆ కణాలు ఆయన్ని బతికించడానికే పోరాడాయి. ఆ సంగతి తర్వాత ప్రపంచానికి చూపించింది ఆయనే. ఈసారి కాలికి ముల్లు గుచ్చుకుని వాస్తే గుర్తు చేసుకోండి.. లోపల మీ కోసం ఎవరో పని చేస్తున్నారని.

మనసు బాగోలేక చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా ఉండొద్దు. టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి మాట్లాడండి.