ఫిరోజ్ గాంధీ

ఫిరోజ్ గాంధీ (సెప్టెంబర్ 12, 1912 - సెప్టెంబర్ 8, 1960) భారత స్వాతంత్ర్య సమరయోధుడు, పత్రికా నిర్వాహకుడు, కాంగ్రెస్ పార్టీకి చెందిన లోక్‌సభ సభ్యుడు. జవహర్‌లాల్ నెహ్రూ అల్లుడిగా, ఇందిరా గాంధీ భర్తగానే ఎక్కువమందికి తెలిసినా, స్వపక్ష ప్రభుత్వాన్నే సభలో నిలదీసిన సభ్యుడిగా పార్లమెంటు చరిత్రలో ఆయనకు ప్రత్యేక స్థానం ఉంది. మహాత్మా గాంధీతో ఆయనకు బంధుత్వం లేదు.

తొలి జీవితం

బొంబాయిలో పార్శీ కుటుంబంలో జన్మించి అలహాబాదులో పెరిగాడు. 1930లో స్వాతంత్ర్యోద్యమంలో చేరి జైలుకు వెళ్ళాడు. తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివాడు. 1942 మార్చిలో ఇందిరను వివాహమాడాడు. అదే సంవత్సరం క్విట్ ఇండియా ఉద్యమంలో ఇద్దరూ జైలు పాలయ్యారు. వీరి కుమారులు రాజీవ్, సంజయ్. స్వాతంత్ర్యానంతరం లక్నోలో నేషనల్ హెరాల్డ్ పత్రిక నిర్వహణ బాధ్యతలు చూశాడు. 1952, 1957 ఎన్నికలలో రాయ్‌బరేలీ ప్రాంతం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ముంద్రా వ్యవహారం

1955 డిసెంబరులో ప్రైవేటు బీమా కంపెనీల అక్రమాలను ఫిరోజ్ గాంధీ సభలో బయటపెట్టాడు. మరుసటి సంవత్సరం జీవిత బీమా జాతీయమై, జీవిత బీమా సంస్థ ఏర్పడింది. తరువాత ఆ సంస్థనే ఆయన ప్రశ్నించవలసి వచ్చింది.

1957 జూన్‌లో ఈ సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీలలో సుమారు 1.24 కోట్ల రూపాయలతో వాటాలు కొన్నది. సంస్థ పెట్టుబడుల కమిటీని ముందుగా సంప్రదించలేదు. ఈ విషయం మొదట ప్రశ్నల రూపంలోనే సభకు వచ్చింది. లోక్‌సభలో సభ్యుడు ముందుగా నోటీసు ఇచ్చి అడిగే నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి మౌఖికంగా సమాధానం చెప్పాలి. దానిపై అనుబంధ ప్రశ్నలకూ అక్కడికక్కడే జవాబివ్వాలి. వ్రాసుకొచ్చిన సమాధానం చదివి తప్పించుకోవడం అనుబంధ ప్రశ్నల ముందు కష్టం. సభను తప్పుదారి పట్టించడం హక్కుల ఉల్లంఘన కాగలదు. అందుకే తొలి జవాబులలోని దాటవేతే తరువాత ప్రభుత్వానికి చిక్కు తెచ్చిపెట్టింది.

1957, డిసెంబర్ 16న ఫిరోజ్ గాంధీ కొనుగోళ్ళ తేదీలు, ధరలు సభ ముందుంచాడు. మార్కెట్టు ధర కంటే ఎక్కువ ఎందుకు చెల్లించారన్నది ఆయన ప్రధాన ప్రశ్న. అప్పటి సభాపతి చిత్తూరు నుండి ఎన్నికైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రభుత్వం బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లాతో విచారణ జరిపించింది. బొంబాయిలో బహిరంగంగా సాగిన ఈ విచారణ కొద్ది వారాలలోనే ముగిసింది. ఇటువంటి విచారణలలో అంత వేగం అరుదు. తన శాఖ కార్యదర్శి చర్యలకు మంత్రే రాజ్యాంగపరంగా బాధ్యుడని చాగ్లా తేల్చాడు. ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. ఆయన నెహ్రూకు సన్నిహితుడు.

ప్రచురణ రక్షణ చట్టం

సభలో సభ్యుడు మాట్లాడిన దానిపై కోర్టులో దావా వేయడానికి వీలు లేదు. కాని దానినే ప్రచురించిన పత్రికకు అప్పట్లో అటువంటి చట్టబద్ధ రక్షణ లేదు. ఈ లోటు తీర్చడానికి ఫిరోజ్ గాంధీ ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టగా, అది 1956లో చట్టమైంది. సభా కార్యక్రమాలను దురుద్దేశం లేకుండా యథార్థంగా ప్రచురించిన వారికి ఇది రక్షణ కల్పించింది. అత్యవసర పరిస్థితి కాలంలో ఇందిరా గాంధీ ప్రభుత్వమే ఈ చట్టాన్ని రద్దు చేసింది. 1977లో జనతా ప్రభుత్వం దానిని పునరుద్ధరించింది. మరుసటి సంవత్సరం 44వ సవరణ ద్వారా ఈ రక్షణ రాజ్యాంగంలోనే చేరింది.

మరణం

1960, సెప్టెంబర్ 8న న్యూఢిల్లీలో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 47 సంవత్సరాలు.