గుండెకు ఇంధనం చూపిన ఎల్లాప్రగడ సుబ్బారావు

గుండెజబ్బుల మీద ఇప్పుడు జరుగుతున్న పరిశోధనల గురించి ఏదైనా రాసి ఇమ్మని మన సావనీరు సంపాదకవర్గ మిత్రులు అడిగారు. జీవరసాయన శాస్త్రం చదువుకున్నవాణ్ణి గనక నాకు వెంటనే స్ఫురించిన పేరు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది. నిజానికి ఆయన హృద్రోగ వైద్యుడు కారు. ఏ రోగి గుండెనూ స్టెతస్కోపు పెట్టి పరీక్షించినందుకు ఆయనకు పేరు రాలేదు. అయినా కండరం ఏ శక్తితో పనిచేస్తుందో లోకానికి చూపినవారిలో ఆయనొకరు. చివరకు తన గుండె ఆగిపోయి యాభైమూడో ఏట కన్నుమూశారు.

మన పెదకాకాని చుట్టుపక్కల మిరపచేలకూ పత్తిచేలకూ బస్తాలకు బస్తాలు డి.ఏ.పి. చల్లే రైతుకు భాస్వరం కొత్త మాటేమీ కాదు. ఆ భాస్వరమే ప్రతి ప్రాణి కండరంలోనూ ఉంది. రక్తంలోనో కండరంలోనో అది ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రాక్టికల్సులో మేమంతా చేసిందే. మాలిబ్డేటు ద్రావణం పోసి, క్షయకరణి కలిపి, వచ్చిన నీలిరంగు చిక్కదనాన్ని కలోరీమీటరులో చూడటం. రికార్డు పుస్తకంలో దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని రాస్తాం. ఆ సుబ్బారావు మన భీమవరం సుబ్బారావేనని తెలియకుండానే పరీక్ష పాసైపోయినవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు!

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. చదువులో మొదట్లో రాణించింది లేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. రామకృష్ణ మిషన్‌లో చేరిపోదామనుకున్న మనిషి, సేవ చేయాలంటే వైద్యం నేర్చుకోమన్న పెద్దల మాట విని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషను గదిలోకి కూడా ఖద్దరు తొడుక్కొని వెళ్ళేసరికి ఇంగ్లీషు ప్రొఫెసరుగారికి కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా చేతికి రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ దెబ్బ ఆయన మనసులోంచి ఎన్నడూ పోలేదు.

1922లో మామగారి సాయమూ, దాతల సాయమూ కూడగట్టుకొని ఓడ ఎక్కి, అక్టోబరు నెలాఖరుకు బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి వెళ్ళారు. తరువాత పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోనే లేదు. ఆయన గొప్పతనం చెప్పేవాళ్ళు ఈ ముక్కను తొందరగా దాటేస్తారు. ఆ విజ్ఞానానికి మూల్యం చెల్లించినవాళ్ళలో ఆ ఇల్లాలు కూడా ఉందని నాకనిపిస్తుంది.

అక్కడ ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ, హార్వర్డులో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చేరారు. 1925లో భాస్వరం కొలిచే పద్ధతి వెలువడింది. దాంతో కండరాన్ని పరీక్షిస్తుంటే ఒక చిత్రం బయటపడింది. కండరంలో భాస్వరం క్రియాటిన్‌తో జతకట్టి ఉంటోంది. కండరం ముడుచుకున్నప్పుడు ఆ జత విడిపోతోంది, విశ్రాంతి దొరికితే మళ్ళీ కలుస్తోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అప్పటిదాకా కండరశక్తికి మూలం లాక్టిక్ ఆమ్లమేనని అందరి నమ్మకం. కండరాల్లో ఉష్ణం, లాక్టిక్ ఆమ్లాల మీద చేసిన పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్ గార్లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చి ఉంది. ఆ నమ్మకం కదిలిపోయింది. 1929లో ఏ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుగొన్నాడు.

ఇక్కడ గుండె ప్రస్తావన వస్తుంది. కాలికండరం అలిసిపోతే కాసేపు కూర్చోవచ్చు. గుండెకు ఆ వీలేది? రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకోవాలి. అందుకు అది రోజుకు దాదాపు ఆరు కిలోల ఏ.టి.పి.ని ఖర్చుచేసి మళ్ళీ తయారుచేసుకుంటుందని లెక్క. గుండె బరువే పావుకిలో నుంచి మూడువందల యాభై గ్రాములు! నిల్వ ఉండే ఏ.టి.పి. కొన్ని క్షణాలకు మించి చాలదు. ఫాస్ఫోక్రియాటిన్ పక్కనుంచి భాస్వరం అందిస్తూ ఉంటుంది, చేబదులు ఇచ్చే పొరుగింటివాడిలాగా. ఆ చేతిమార్పిడి జరిపే ఎంజైము క్రియాటిన్ కైనేజు. గుండెపోటులో కండరం చచ్చిపోతే అది రక్తంలోకి కారుతుంది. ట్రోపోనిన్ పరీక్ష వచ్చేదాకా కొన్ని దశాబ్దాలు డాక్టర్లు ఛాతీనొప్పితో వచ్చినవాళ్ళకు ఈ ఎంజైమునే కొలిచి గుండెపోటును నిర్ధారించారు.

హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకక, 1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. తరువాతి కథ అందరికీ తెలిసిందే: ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్, పిల్లల రక్తక్యాన్సరుకు అమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. ఎనిమిదేళ్ళలో ఇంత పని! 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగింది.

ఆనాడు గుండెపోటుకు వైద్యమంటే మార్ఫిన్, ఆక్సిజన్, వారాలతరబడి మంచం. గుండెజబ్బు ఎవరికెందుకు వస్తుందో తేల్చడానికి బోస్టన్ దగ్గరి ఫ్రేమింగ్‌హామ్‌లో పరిశీలన మొదలైంది కూడా ఆ 1948లోనే. రక్తపోటు, పొగాకు, కొలెస్టరాల్ మాటలు మనకు అలవాటైంది దాని పుణ్యమే. 2007లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, తక్కినవారికి దాదాపు 59. సుబ్బారావు గారు పోయిన వయసే అది. ఆయన సొంత గోదావరి జిల్లాల్లో 2003-04లో 45 గ్రామాల మరణాలు లెక్కిస్తే, మూడోవంతు దాకా గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెటూళ్ళో గుండెజబ్బేమిటి, అది పట్నపు ధనవంతుల రోగం కదా అనుకునే రోజులు పోయాయి.

ఆయన మందులను గుండెమీద కూడా పరీక్షించి చూశారు. రక్తనాళాల్లో వాపు తగ్గితే గుండెపోటు తగ్గుతుందేమోనని 4,786 మందికి మెథోట్రెక్సేటునో ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి చూస్తే లాభం కనిపించలేదని 2018లో తేలింది. వాపును తగ్గించే ఆలోచన మాత్రం చావలేదు. కోల్చిసిన్ అనే పాత కీళ్ళవాతపు మందు ఆ దారిలో కొంత ఫలితం చూపింది. హోమోసిస్టీన్‌ను తగ్గించే ఫోలిక్ ఆమ్లమూ గుండెపోట్లను ఆపలేకపోయింది. కాని చైనాలో ఇరవైవేల పైచిలుకు రక్తపోటు రోగులకు బి.పి. మాత్రతో కలిపి ఇచ్చినప్పుడు పక్షవాతం తగ్గిందని 2015లో వెల్లడైంది.

మొదటి ఆవిష్కరణే గుండె పరిశోధనలో ఇప్పటికీ ముందుంది. ఇప్పుడు కండరం కొయ్యనక్కరలేదు. రోగిని పెద్ద అయస్కాంతం మధ్య పడుకోబెట్టి, కొట్టుకుంటున్న గుండెలోనే ఫాస్ఫోక్రియాటిన్‌కూ ఏ.టి.పి.కీ ఉన్న నిష్పత్తిని చూస్తారు. 1997లో గుండె పెద్దదై బలహీనపడిన 39 మందిని అలా పరీక్షిస్తే, ఆ నిష్పత్తి 1.6 కంటే తక్కువున్నవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. మధుమేహానికని వచ్చి, 2019 నుంచి గుండె బలహీనతకూ పనికొస్తాయని రుజువైన డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఈ ఇంధనపు లెక్కను మారుస్తున్నాయా లేదా అని కూడా పరిశోధకులు ఆ అయస్కాంతంతోనే తూచి చూస్తున్నారు.